సొట్టపడే రేకు

టంగ్.

కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టంగ్. చల్లటి నీళ్ల మీద గోరు తగిలినట్టు, సన్నగా మొదలై చివర కాస్త సాగి, గోడలోకి ఇంకిపోయే చప్పుడు. ఆ ఇంటి పైగదిలో అద్దెకు దిగాక నాకు తెల్లవారిన మొదటి పొద్దు అది. కింద ఎవరో ఉదయాన్ని పలకలు పలకలుగా నిలబెట్టి ఒక్కొక్కదాన్నీ తట్టి చూస్తున్నట్టు అనిపించింది. కళ్లు మూసుకునే వింటున్నాను. ఉన్నట్టుండి, టంగ్ అనాల్సిన చోట ‘టప్’ మంది. తడి గుడ్డ కింద పడ్డట్టు.

వెంటనే ఒక మగగొంతు “అయ్యో” అంది. ఒక ఆడగొంతు నవ్వింది.

“పోయింది గాజే కదా, నీ గుండె కాదుగా. పక్కన పెట్టు.”

“పగులు ఎక్కడా కనిపించట్లేదే.”

“వినిపించిందిగా? ఇంకేం కావాలి? పక్కన పెట్టు.”

కిందికి దిగి చూశాను. గుమ్మం దాటితే అద్దాల దుకాణం. చెక్క గాడుల్లో నిలువుగా నిలబడ్డ అద్దాలు, ఒకదాని వెనక ఒకటి, ఎంతో దూరం ఉన్నట్టు భ్రమ పెడుతూ. లక్క ముద్ద వాసన, అద్దం కోసే కలాన్ని ముంచే కిరసనాయిలు వాసన. వాటి మధ్య ఒక పొట్టి మనిషి, నడివేలి కణుపు పైకెత్తి, తర్వాతి అద్దాన్ని తట్టాలా వద్దా అని జంకుతూ నిలబడి ఉన్నాడు. ఎడమ కాలు కర్రలా బిగిసి ఉంది. కళ్లు మాత్రం ఎప్పుడూ ఏదో పడబోతున్న చోటికి ముందే చేరుకుని ఉంటాయి.

కొత్త సరుకు రాగానే అలా తట్టడం వాళ్ల వృత్తిలో పద్ధతి. ఆరోగ్యంగా ఉన్న అద్దం మోగుతుంది. కంటికి ఆనని పగులున్నది మూగబోతుంది. ఆయన చెవి ఎప్పుడూ తప్పలేదని దుకాణం మెట్ల మీద కూర్చునే వాళ్లందరూ చెప్పేవాళ్లు. వీధిలో పిల్లలు, పెద్దలు ఆయన్ని పిలిచేది ‘మెల్లగా మావయ్య’ అని. ఎవరు ఏది ఎత్తినా, దించినా, ఆఖరికి తుమ్మబోయినా, ఆయన నోట్లోంచి వచ్చే మాట అదొక్కటే.

పొద్దున నవ్విన గొంతు ఆయన భార్యది. నేను ఆమెను అక్కా అన్నాను. ఆయన వెంటనే, “అయితే నేను బావనా? బావమరిది ఒకడు తక్కువయ్యాడు ఈ ఇంటికి” అని నిట్టూర్చాడు. నేను ఊరి చివర కొండమీద కడుతున్న బడికి గోడల రంగులు వెయ్యడానికి వచ్చినవాణ్ని. ఆ బడి కిటికీల అద్దాల పని ఆయనది. అలా రోజూ పొద్దున్నే వాళ్ల పికప్‌లో, ముందు సీట్లో, ఆయన పక్కన కూర్చుని కొండెక్కడం నాకు అలవాటయింది.

భయం ఆయనకి చొక్కా లాంటిది. లేవగానే తొడుక్కుంటాడు. తలుపు వేసేటప్పుడు దాని చెవిలో ఏదో రహస్యం చెబుతున్నట్టు వేస్తాడు. గాలి లేస్తే కాగితాలకంటే ముందు తను లేస్తాడు. బండిని వెనక్కి నడిపి షెడ్డులో పెట్టాలంటే గోడ ఎక్కడ తగులుతుందోనని చెమటలు పడతాయి. అందుకని ఆ పని ఎప్పుడూ అక్కదే. “తొక్కితే పోతుంది, తొక్కితే ఆగుతుంది. కుట్టుమిషనుకి ఉన్నన్ని తిప్పలు కూడా లేవు దీనికి” అని ఆమె ఒంటిచేత్తో తిప్పి పెట్టేసేది. ఆయన పక్కన నిలబడి మెల్లగా, మెల్లగా అని గాలిని నిమిరేవాడు.

ఆ బండి గేర్లు తనంతట తనే మార్చుకునే రకం. పాతది. ఎవరో వాడి వదిలేస్తే కొన్నాడు. ఎందుకంటే ఎడమ కాలు క్లచ్ తొక్కలేదు. దాని కథ అక్క చెప్పింది, ఆయన లేనప్పుడు. పడుతున్న అద్దాన్ని పట్టుకోకూడదు; ఆ వృత్తిలో చేరిన వాడికి మొదట చెప్పే మాటే అది. పడనివ్వాలి, పక్కకి తప్పుకోవాలి. ఆయనకీ తెలుసు. ఓసారి ఒక పెద్ద అద్దం దించుతుంటే జారింది. ఆయన తప్పుకోలేదు. మోకాలు అడ్డం పెట్టాడు. అద్దానికి అవతల అక్క ఉంది.

“అప్పట్నించే ఈ పిరికితనం. ముందు ఇంత లేదు. కాలొకటే వంగదు గానీ, మిగతా మనిషంతా వంగిపోయాడు” అంది, పాత కాగితంతో అద్దం తుడుస్తూ. అద్దంలో ఆమె ముఖం నవ్వుతోంది. అద్దం ఇవతల ఉన్నది నవ్వట్లేదు.

మరి అంత భయపడే మనిషి ఆమెను ఎక్కడ ఎక్కించేవాడు? బండి వెనక. అద్దం ఎదుట.

అది వాళ్ల ఇంటి పద్ధతి. ఆయన తండ్రి బండి తోలితే తల్లి అద్దాలకి అరచేతులు ఆనించి నిలబడేదట. వాలుగా కట్టిన చెక్క చట్రానికి అద్దాన్ని ఆనించి బెల్టులు బిగిస్తారు. అయినా ఒకరు దానికి ఎదురుగా, బండి పక్క పలకకి వీపు ఆనించి, రెండు అరచేతులూ అద్దం మీద వేసి నిలబడాలి. “బెల్టుకి వణుకు తెలీదు. చేతికి తెలుస్తుంది” అనేవాడు బావ. అద్దం వణుకు ఎక్కువైతే ఆమె మేం కూర్చునే ముందుగది వెనక కిటికీ మీద ఒకసారి తడుతుంది. అంటే నెమ్మది. రెండుసార్లు తడితే ఆపమని. ఆమె తట్టడమే గానీ, ఇటునుంచి ఆయన ఎప్పుడూ తట్టింది లేదు. అద్దం సంగతి అటువైపు నుంచే తెలియాలి కదా.

కొండదారి ఇంకా దారి కాలేదు. రాళ్లు పరిచి వదిలేశారు. సగం ఎక్కాక ఒక మలుపుంది. దానికి ఎడమపక్క గోడ లేదు, చెట్టు లేదు, ఆకాశం ఒక్కటే ఉంది. ఆ మలుపు ముందు వాలులో ఇంజను గొంతు మారుతుంది. అక్కడికి రాగానే బావ మాట్లాడటం ఆపేసేవాడు. నేనూ ఆపేసేవాణ్ని. వెనక అద్దంలో ఆకాశం ఊగుతూ ఉండేది. ఆ ఆకాశం మీద ఆమె రెండు చేతులు.

ఒక పొద్దున ఆ వాలులోనే జరిగింది. ఇంజను అరుస్తోంది, బండి కదలట్లేదు. పరిగెత్తే కల్లో కాళ్లు ఆడనట్టు. ఒక్క ఊపిరి. అంతలో బండి వెనక్కి, మనిషి చెయ్యి చాపినంత, జారింది. మళ్ళీ ఎక్కడో ఏదో పట్టుకుంది. గబుక్కున ముందుకి ఉరికింది. వెనక కిటికీ మీద రెండు దెబ్బలు పడ్డాయి.

ఆపాడు. దిగలేకపోయాడు. నేను దిగి చూస్తే అక్క అలాగే ఉంది, అరచేతులు అద్దానికి అంటుకుని, చెంప కూడా ఆనించి.

“ఏమయ్యా, ముందుకి పోయే దారి మర్చిపోయావా?” అని అరిచింది.

 స్టీరింగ్ మీద ఆయన వేళ్లు తెల్లబడి ఉన్నాయి.

సాయంత్రం షెడ్డులో బండి కింద ఒక అట్టముక్క పరిచాడు. మర్నాడు దాని మీద ఎర్రటి చుక్కలు. గేరు ఆయిల్ ఎర్రగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆయన మోకాళ్ల మీద కూర్చోలేడు గనక పొట్ట మీద పడుకుని చూశాడు ఆ చుక్కల్ని. చాలాసేపు చూశాడు. ఎవరిదో గాయం చూస్తున్నట్టే.

మెకానిక్ బండి కిందకి వెళ్లి, చేతులు మాత్రం బయట పెట్టి మాట్లాడే మనిషి. ముఖం కంటే చేతులే ఎక్కువ కనిపించేవి. “గేరుబాక్సు అడుగున ఉండే ఆయిల్ ప్యాన్ మూలలో తుప్పు తినేసింది మావా. ఆయిల్ చెమర్చి పోతోంది. వాలెక్కినప్పుడు ఉన్న కాస్త ఆయిలూ వెనక్కి జారుతుంది, పీల్చే గొట్టం గాలి పీలుస్తుంది. గాలి పీలిస్తే గేరు వదిలేస్తుంది” అన్నాడు.

“వదిలేస్తే?”

“వదిలేస్తే ఏముంది, వచ్చిన దారే.”

“అతుకెయ్యి.”

“నూనె తాగిన రేకుకి అతుకు నిలవదు. ప్యాన్ మార్చాలి. ఈ మోడల్‌కి కంపెనీవి రావట్లేదు. బయట తయారుచేసేవే తెచ్చుకో. కానీ మావా, చూసి తీసుకో.”

‘చూసి తీసుకో’ అన్న మాటే ఆయన కొంప ముంచింది. చూసి తీసుకోవడం ఆయనకి తెలియదు. విని తీసుకోవడమే తెలుసు.

స్పేర్‌పార్టుల దుకాణం ఒక పెద్దావిడ నడుపుతుంది. కళ్లజోడు తాడుతో మెళ్లో వేలాడుతూ ఉంటుంది; అది పెట్టుకోకుండానే ఏ నట్టు ఏ బండిదో చెప్పేస్తుంది. ఆమె బల్ల మీద రెండు ప్యాన్‌లు పెట్టింది. ఒకటి నల్లగా, పలచటి ఉక్కు రేకు నొక్కి చేసింది. పాతదాని లోతే, పాతదాని ఆకారమే, అడుగున ఆయిల్ వదలడానికి ఒక బోల్టు మాత్రం కొత్త. రెండోది పోత పోసిన అల్యూమినియం. వెండిలా మెరుస్తోంది. లోతు ఎక్కువ. అడుగున వరసగా గట్లు, గాలి తగిలి ఆయిల్ చల్లబడటానికి.

“ఇది మంచిది అన్నయ్యా” అంది వెండిదాన్ని నిమిరి. “ఆయిల్ ఎక్కువ పడుతుంది. వాలులో గొట్టానికి ఎప్పుడూ ఆయిల్ అందుతుంది. పీల్చే గొట్టాన్ని కిందికి దించే ముక్క కూడా ఇస్తారు దీంతో. ఆ నల్లది మామూలు రేకు. రాయి తగిలితే సొట్టపోతుంది.”

సొట్ట అనగానే బావ ముఖం ముడుచుకుంది.

“రెండూ ఇంటికి తీసుకుపో. నచ్చింది ఉంచుకో, నచ్చనిది తెచ్చెయ్యి. నా దుకాణం అద్దం ఇన్నాళ్లూ నిలబడిందంటే నీ చలవే” అంది ఆమె.

అలా ఆ రెండూ వాళ్ల వంటింటి బల్ల మీదికి వచ్చాయి. నన్ను కిందికి పిలిచారు. నాకేం తెలుసు? అయినా బావమరిది హోదాలో కూర్చున్నాను. అక్క టీ గ్లాసులు పెట్టడానికి చోటు లేక నల్ల ప్యాన్‌ని బోర్లించి దాని మీద పెట్టింది.

“ఏమే, అది ప్యాన్!”

“తెలుసు. చదునుగా బాగుంది.”

ఆయన గ్లాసులు తీయించి, ఆ ప్యాన్‌ని పైకెత్తి, ఒక తాడుకి తగిలించినట్టు రెండు వేళ్లతో అంచు పట్టుకున్నాడు. నడివేలి కణుపుతో తట్టాడు.

డబ్.

ముఖం చిట్లించాడు. చోటు మార్చి తట్టాడు. డబ్. అన్నం తిని పడుకున్న పిల్లి పొట్ట మీద తట్టినట్టుంది. దించేసి, వెండి ప్యాన్ ఎత్తాడు. అది బరువు. తట్టాడు.

టంగ్...

వంటిల్లంతా ఆ చప్పుడుతో ఒక్క క్షణం శుభ్రపడింది. గుడిగంటలా కాదు, అంతకంటే చిన్నగా, నీటికుండ అంచులా. బావ కళ్లు మూసుకున్నాడు. ఎన్నాళ్ల తర్వాతో ఆయన భుజాలు చెవుల దగ్గర్నించి కిందికి దిగాయి.

“విన్నావా?” అన్నాడు నాతో. “ఎక్కడా లోపం లేదు. నిండుగా ఉంది.”

“అది మోగితే ఏం, మోగకపోతే ఏం?” అంది అక్క. “నువ్వేమైనా దాన్ని వాయించుకుంటూ కొండెక్కుతావా?”

“చెవి నన్ను ఎప్పుడైనా మోసం చేసిందా?”

“అద్దాల్లో చెయ్యలేదు. ఇది అద్దం కాదుగా.” ఆమె రెండింటినీ పక్కపక్కన పెట్టి, చెయ్యి నిలువుగా ఆనించి చూసింది. “ఇదిగో, నీ మోగేది నాలుగు వేళ్లు కిందికి వేలాడుతుంది. ఆ దారిలో రాళ్లు నీ మోకాలంత ఉన్నాయి. తగిలితే?”

“తగలనివ్వను. మెల్లగా పోతాను.”

“తగిలితే అంటున్నాను.”

“ఆ నల్లదానికైతే తగలదా? తగిలితే సొట్ట. ఆవిడే చెప్పింది.”

“సొట్టే కదా!”

“సొట్టే కదా అంటావేంటే? పాడైపోవడం కాదా అది?”

ఆ రాత్రి కాదు, చాలా రోజుల తర్వాత నాకు అర్థమైంది, ఆయన ఆ మాటని ఎందుకంత అసహ్యించుకున్నాడో. సొట్ట అనే మాట అద్దాల వృత్తిలో లేదు. అద్దం ఉంటుంది, లేదా పోతుంది. దెబ్బ తిని, వంగి, అయినా లోపలున్నదాన్ని ఒలకనివ్వకుండా పట్టుకుని ఉండటం అనేది అద్దానికి చేతకాదు. అద్దాల మధ్యే పుట్టి పెరిగిన మనిషికి దెబ్బ తిన్నది అంటే అయిపోయినదే. తన మోకాలిని కూడా ఆయన అలాగే చూసుకున్నాడు.

 ఆయన ముఖంలో చాలాకాలానికి వచ్చిన ఆ కాస్త తెరిపిని చూసి అక్క ఊరుకుందనుకుంటాను. నల్లది వెనక్కి పోయింది.

మెకానిక్ వెండి ప్యాన్ బిగించాడు. ఎర్రటి ఆయిల్ పోశాడు. “కిందికి దిగింది మావా, చూసుకో” అన్నాయి బండి కిందనుంచి చేతులు.

మర్నాడు అట్ట మీద ఒక్క చుక్క లేదు. ఆ తర్వాతా లేదు. నేను సంతోషంగా, “బావా, పొడిగా ఉంది” అన్నాను.

ఆయన అట్ట వంక అనుమానంగా చూశాడు. “చుక్క పడితే లోపల ఆయిల్ ఉందని తెలిసేది. ఇప్పుడు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?”

“ఇదిగో, ఇలాంటి మనిషితో కాపురం” అంది అక్క.

బడికి ముందువైపు పెట్టే పెద్ద అద్దం సిద్ధమైంది. లోపలికి వచ్చే పిల్లలకి కొండంతా కనిపించాలని కోరి చేయించుకున్నారు. మనిషి కంటే ఎత్తు. దాన్ని బండి మీదికి ఎక్కించేటప్పుడు వీధి అంతా ఆగి చూసింది. మెల్లగా, మెల్లగా, మెల్లగా. బెల్టులు బిగించారు. అక్క ఎక్కి, పక్క పలకకి వీపు ఆనించి, చేతులు చాచింది. అద్దానికీ ఆమెకీ మధ్య ఆమె చేతులంత దూరమే ఉంది. బావ తట్టి చూశాడు అద్దాన్ని. టంగ్. పెద్ద అద్దం గొంతు లోతుగా ఉంటుంది, బావిలోంచి వచ్చినట్టు.

వాలు మొదలైంది.   బండి బాగా ఎక్కుతోంది. ఇంజను ఎక్కడా అరవలేదు. చక్రం కింద రాళ్లు పక్కకి జరుగుతున్న చప్పుడు. మలుపు కనిపిస్తోంది, దాని పక్కన ఖాళీ ఆకాశం, తెల్లగా, ఏమీ ఎరగనట్టు.

కింద ఏదో తగిలింది. పెద్ద దెబ్బ కాదు. ఎన్నిసార్లు తగల్లేదూ. అయితే దాని వెనకే ఒక చప్పుడు.

టప్.

తడి గుడ్డ కింద పడ్డట్టు.

నేను విన్నానని కూడా నాకు తెలియదు, బావ ముఖం చూసేదాకా. రక్తం అంతా ఎవరో లాగేసినట్టయింది. గేరు ఇంకా పట్టే ఉంది. బండి ఎక్కుతూనే ఉంది. ఇంకెవరైనా అయితే అలాగే పోనిచ్చేవాళ్లు. ఆయన కాలు బ్రేకు మీదికి వెళ్లిపోయింది. హ్యాండ్ బ్రేకు రెండు చేతులతో లాగాడు.

“పగిలింది” అన్నాడు.

“అద్దమా?”

“కాదు.” గొంతు లేదు, గాలే ఉంది. “దిగు. వెనక చక్రానికి రాయి పెట్టు. పెద్దది.”

నేను దూకాను. బండి కిందనుంచి ఎర్రటి పాయ ఒకటి రాళ్ల మధ్య దారి వెతుక్కుంటూ కిందికి వస్తోంది. సన్నగా మొదలై, నా కళ్ల ముందే వెడల్పయింది. రాయి ఎత్తాను. జారింది. మళ్ళీ ఎత్తాను. అప్పుడు వినిపించింది, లోపలినుంచి వెనక కిటికీ మీద దెబ్బలు. ఒకటి కాదు, రెండు కాదు, ఎన్నో. ఇన్నేళ్లలో మొదటిసారి ఇటునుంచి అటు తడుతున్నాడు.

అక్క ఆశ్చర్యంగా కిటికీ వైపు తల తిప్పింది. చేతులు తియ్యలేదు.

“దిగవే!”

“అద్దం!”

“వదిలెయ్యి! దిగు!”

“నేను వదిలితే పోతుందయ్యా!”

“పోనీ! తొందరగా! తొందరగా!”

ఆ నోట్లోంచి ఆ మాట రావడం నేనెప్పుడూ వినలేదు. ఆమె కూడా విని ఉండదు. బహుశా అందుకే చేతులు వదిలేసింది. పక్క పలక మీద చెయ్యి వేసి, చీర కుచ్చిళ్లు ఒక్క గుంజు గుంజి, అవతలికి దూకింది. ఆమె పాదాలు నేలకి తగిలాయో లేదో, బండి గేరు వదిలేసింది. చక్రాలు నూనె మీద జారాయి. బండి మొత్తం నా మీదికి వంగినట్టయింది, నేను పెట్టిన రాయికి వచ్చి కొట్టుకుని ఆగింది.

ఆగిన ఆ కుదుపుకి బెల్టు పుటుక్కుమంది. అద్దం ఒక్క క్షణం నిటారుగా నిలబడింది. దానిలో కొండంతా కనిపించింది. తర్వాత, ఎంతో తీరిగ్గా, అక్క నిలబడి ఉన్న చోట పడుకుంది.

ఆ చప్పుడు గురించి రాయను. చాలాసేపటి తర్వాత కూడా రాళ్ల మధ్యకి చిన్నచిన్న ముక్కలు జారుతూనే ఉన్నాయి.

అక్క లేచి, మోచేతులకి అంటిన మట్టి దులుపుకుని, బండి తలుపు తీసింది. ఆయన కాలు ఇంకా బ్రేకు మీదే ఉంది. బండి రాయి మీద ఆనుకుని ఉందని చెప్పినా తియ్యలేదు. మోకాలు ఊగిపోతోంది. వంగని మోకాలు కాదు, రెండోది. ఆమె ఏమీ అనకుండా రెండు అరచేతులూ దాని మీద ఆనించింది, అద్దానికి ఆనించినట్టే. వణుకు తగ్గేదాకా అలాగే ఉంచింది.

“అంత బాగా మోగింది కదే” అన్నాడు.

“మోగింది.”

“చెవి ఎప్పుడూ...”

“చెవి మంచిదేలే. దాని మాట వినే కదా ఇప్పుడు ఆపావు.” ఆమె మలుపు వైపు చూసింది. నేనూ చూశాను. ఆయన చూడలేదు. “నీకు తెలియనిదల్లా సొట్ట ఒక్కటే. మోకాలు చూసుకో. ఎన్నేళ్లైంది? నడుస్తోందా లేదా? కాపురం మోస్తోందా లేదా? పాడైపోయిందని పారేశామా?”

“ఇది సొట్టా?”

“మరేంటనుకున్నావు? పగులుంటే ఈపాటికి ఊడి చేతికొచ్చేది.”

ఆయన నవ్వబోయాడు. అది ఏడుపులా వచ్చింది. ఆమె పైట చెంగుతో ఆయన ముఖం తుడిచి, నా వైపు తిరిగి, “ఏంటి తమ్ముడూ అలా చూస్తావు, చీపురుకి మనిషిని పంపు. రేపు పిల్లలు నడిచే దారి” అంది.

స్పేర్‌పార్టుల పెద్దావిడ ఏమీ అడగకుండా నల్ల ప్యాన్ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన వేలు పైకెత్తాడు. అలవాటు. తట్టాడు. డబ్. ఈసారి ముఖం చిట్లించలేదు. ఎవరో గుమ్మం దగ్గర కూర్చుని ఊఁ కొట్టినట్టు విని, చంకలో పెట్టుకున్నాడు.

కొన్నాళ్లకి ఒక సాయంత్రం షెడ్డులోంచి కేక వినిపించింది. ఏమైందో అని పరిగెత్తాం. ఆయన బండి కింద పొట్ట మీద పడుకుని, ఒక చెయ్యి ప్యాన్ అడుగుకి చాచి తడుముతున్నాడు.

“సొట్టపడిందే! చూడు, ఇంత లోతు! అయినా చుక్క లేదు!”

ఇంట్లో శుభవార్త చెప్పినట్టుంది ఆ గొంతు. అక్క నడుం మీద చేతులు పెట్టుకుని, “ముందు బయటికి రా, నీకు దిష్టి తియ్యాలి” అంది.

ప్యాన్ మారింది గానీ భయం మారలేదు. కొండ మొదట్లో బండి ఆగిపోయేది. ఇంజను తిరుగుతూనే ఉండేది, ఆయన కాలు తొక్కేది కాదు. వెనక అద్దంలో ఆమె చేతులు కనిపిస్తుంటే ఆయనకి ఊపిరి ఆడేది కాదు. ఒకరోజు అలా ఎంతోసేపు నిలబడ్డాక, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

“నువ్వు తోలతావా?”

 కిటికీ మీద ఒక దెబ్బ పడింది. నెమ్మది అని అర్థం. ఆ పూట దానికి ఇంకేదో అర్థం ఉంది. ఆమె దిగి ముందుకి వచ్చింది. ఆయన కర్రకాలు ఈడ్చుకుంటూ వెనక్కి ఎక్కాడు, తల్లి నిలబడ్డ చోట, పెళ్ళాం నిలబడ్డ చోట, అద్దానికి అరచేతులు ఆనించి.

బడి గోడలకి నా రంగు ఆరిపోయేనాటికి వాళ్లకి అదే పద్ధతైపోయింది. నేను వెళ్లిపోయే రోజు కూడా నన్ను కొండ మొదట్లో బస్సు ఆగేచోట దించారు. అక్క స్టీరింగ్ మీదినుంచి చెయ్యి ఎత్తి, పెళ్లి చేసుకుని రమ్మని తిట్టింది. నేను సంచి భుజాన వేసుకుని బండి వెనక్కి నడిచాను. ఆయన రెండు చేతులూ అద్దం మీద ఉన్నాయి. చెయ్యి ఊపడానికి కూడా తియ్యలేదు. అద్దంలో నేనూ, బస్సు దారీ, ఆయన ముఖం వెనక ఇంకో ముఖం. అద్దంలోని ఆయన భుజాలు కిందికి దిగి ఉన్నాయి.

“భయంగా లేదా బావా?” అన్నాను.

ఆయన ముందుగది వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

“ఇక్కడ అస్సలు లేదోయ్. పోతే పోయేది ఒక్క అద్దమే. మీ అక్కకి మాత్రం చెప్పకు, మళ్ళీ ఈ చోటు నాదంటుంది.”